చదరంగం కొత్తగా నేర్చుకునే వారికి కొన్ని మాటలు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ముందు వరుసలో కూర్చుని యీ ఉపన్యాసాలు ఎప్పుడు అయిపోతాయా అని చూస్తున్న పిల్లలకు ఒక సలాము. ఎందుకంటే యీ నాలుగు మాటలూ ముఖ్యంగా వాళ్ళ కోసమే.

కార్యవర్గం వారు మమ్మల్ని చదరంగం గురించి మాట్లాడమన్నారు. స్కాలర్‌షిప్పుల గురించి, కుట్టుమిషన్ల గురించి, వైద్యసహాయం గురించి మాట్లాడుకునే సభలో ఆట గురించి యేమిటని కొందరనుకోవచ్చు. అనుకోవడంలో తప్పులేదు. అయితే మేము సాయంకాలాలు పిల్లలతో బోర్డు ముందు కూర్చుని గమనించిన విషయం ఒకటున్నది. ఆట నేర్చుకున్న పిల్లల్లో చాలామంది మూడు నెలలు తిరక్కుండానే మానేస్తారు. ఆట నచ్చక కాదు. వరుసగా ఓడిపోయి. ఓడిన పిల్లవాడు "నాకు ఆట రాదు" అనడు, "నాకు బుర్ర లేదు" అంటాడు. ఆ మాట బోర్డు దగ్గర ఆగదు. లెక్కల క్లాసులోకి కూడా వాడి వెంట వెళ్తుంది. పదేళ్ళ పిల్లవాడు తనను గురించి తాను అలాంటి తీర్పు చెప్పుకోవడం చిన్న విషయం కాదు గనుక యీ ఆట గురించి పెద్దల సభలో మాట్లాడటం అవసరమేనని మాకు తోచింది.

ధార్మికంగా యీ ఆట ఆడవచ్చునా అని ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. పండితులలో యీ విషయమై వెనకటి నుంచీ భిన్నాభిప్రాయాలున్నాయి. తీర్పు చెప్పడం మా పని కాదు. పందెం కాసి ఆడేది జూదం, అందులో రెండో మాట లేదు. నమాజు వేళ మరపించే ఆట, పరీక్షల నాడు పుస్తకం మూయించే ఆట మంచిది కాదని మేమూ అంటాం. అంతవరకు చెప్పి ఆటలోకి వస్తాం.

ముందు పేర్ల తగాదా తీర్చుకోవాలి. మన యిళ్ళలో ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు వాడతారు. ఒక యింట్లో మంత్రి, ఇంకో యింట్లో వజీరు. మూలనుండేది తెలుగువారికి ఏనుగు, ఉర్దూ పెద్దలకు రుఖ్. ఏటవాలుగా నడిచేది కొందరికి శకటు, కొందరికి ఒంటె, ముసలివారికి ఫీలు. ఫీలంటే మళ్ళీ ఏనుగే! అందుకే తాత ఏనుగు వేరు, మనవడి ఏనుగు వేరు అయి ఆట మధ్యలో జగడం వస్తుంది. దీనికి కారణం చరిత్రలో వున్నది. యీ ఆట సుమారు 6వ శతాబ్దంలో మన దేశంలో చతురంగంగా పుట్టి, ఇరాన్‌లో చత్రంగ్ అయి, అరబ్బుల చేతిలో షత్రంజ్ అయి, అక్కణ్ణుంచి యూరపుకు వెళ్ళింది. వెళ్ళిన ప్రతిచోటా పేర్లు కొన్ని మారాయి, కొన్ని నిలిచాయి. ఇంగ్లీషు వాళ్ళ రూక్ మన రుఖ్. స్పెయిన్ దేశంలో శకటును యీనాటికీ అల్ఫిల్ అంటారు, అది అరబ్బీ అల్ ఫీల్. చెక్‌మేట్ అనేది షా మాత్. యీ ప్రసంగంలో మేము రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు అంటాం. ఏనుగంటే మూలన వుండి తిన్నగా నడిచేది. శకటంటే ఏటవాలుగా నడిచేది.

పేర్ల తర్వాత నియమాలు. ఇక్కడ మనవాళ్ళకు నిజంగా దెబ్బ తగులుతుంది. మన పెద్దలు ఆడిన దేశీ ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడుస్తుంది. రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి వరుసకు చేరితే చాలాచోట్ల ఆ నిలువు వరుసలో మొదట ఏ పావు వుండేదో అదే అవుతుంది. పోటీల్లో ఆడే అంతర్జాతీయ ఆటలో అలా కాదు. బంటు తన మొదటి ఎత్తులో రెండు గళ్ళు కూడా వెయ్యవచ్చు. అలా రెండు గళ్ళు దూకి మన బంటు పక్కన వచ్చి నిలబడితే, అది ఒక్క గడే వేసిందన్నట్లు లెక్కగట్టి దాన్ని ఆ మరుసటి ఎత్తులోనే చంపవచ్చు, తర్వాత కుదరదు. చివరి వరుస చేరిన బంటు మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం - వీటిలో కోరుకున్నది అవుతుంది. రాజు దూకుడు లేదు. దాని బదులు కాసిలింగ్ వున్నది. రాజు ఏనుగు వైపు రెండు గళ్ళు జరుగుతాడు, ఏనుగు అతని మీదుగా వచ్చి అవతల పక్కన నిలుస్తుంది. రాజు గాని ఆ ఏనుగు గాని అంతకుముందు కదిలి వుండకూడదు, మధ్యలో ఏ పావూ వుండకూడదు, రాజు షాలో వున్నప్పుడు చెయ్యకూడదు, శత్రువు దెబ్బ పడే గడి మీదుగా దాటకూడదు, అలాంటి గడిలోకి చేరకూడదు.

యింకొకటి, ముట్టుకుంటే కదపాలి. ఇంట్లో చెయ్యి పెట్టి, తీసి, "ఆగు ఆగు, చూస్తున్నా" అంటాం. పోటీలో మీ ఎత్తు వచ్చినప్పుడు మీ పావును ముట్టుకుంటే దానికి సరైన ఎత్తు వున్నంత వరకు దాన్నే ఆడాలి. ఎదుటివాడి పావును ముట్టుకుంటే, చంపగలిగితే చంపాలి. గడిలో సరిగా పెట్టాలనుకుంటే ముందుగా సర్దుతున్నానని చెప్పి ముట్టుకోవాలి. వీధి అరుగు మీద నలుగురినీ ఓడించే కుర్రవాడు మొదటిసారి టోర్నమెంటుకు పోయి, యీ ఒక్క నియమంతో మంత్రిని పోగొట్టుకుని, ఇంటికొచ్చి మళ్ళీ బోర్డు తియ్యకపోవడం మేము ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాం. వాడి తెలివి తక్కువై కాదు, చెప్పేవాళ్ళు లేక. అందుచేత ఇంట్లో కూడా యీ నియమంతోనే ఆడండి, తమ్ముడితో ఆడినా సరే.

దేశీ ఆట నుంచి వచ్చినవాడు అంతర్జాతీయ ఆటలో ఎంత దూరం పోగలడు అని అడిగేవారికి మీర్ సుల్తాన్ ఖాన్ కథ చెప్పాలి. ఆయనది పంజాబు, ఇప్పటి పాకిస్తాన్‌లోని ఖుషాబ్ ప్రాంతం. చిన్నప్పుడు తండ్రి దగ్గర దేశీ పద్ధతిలోనే నేర్చుకున్నాడు. ఆయన ఆట చూసి సర్ ఉమర్ హయాత్ ఖాన్ అనే భూస్వామి చేరదీసి కొత్త నియమాలు నేర్పించాడు. 1928లో అఖిలభారత పోటీలో గెలిచాడు. 1929లో లండన్ తీసుకువెళితే అక్కడ అభ్యాసం కోసం పెట్టిన చిన్న పోటీలో ఆయన చివరి స్థానం పంచుకున్నాడు! పిల్లలారా, యీ మాట గుర్తుపెట్టుకోండి, చివరి స్థానం. తర్వాత ఇంగ్లండు ఆటగాళ్ళు వింటర్, యేట్స్ ఆయనకు ఆరంభపు ఎత్తులు నేర్పారు. ఆ వేసవిలోనే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్ళీ అయ్యాడు. 1930-31 హేస్టింగ్స్ పోటీలో, అంతకుముందు ప్రపంచ ఛాంపియన్‌గా వుండిన కాపబ్లాంకాను ఓడించాడు. ఒలింపియాడుల్లో ఇంగ్లండు జట్టుకు మొదటి బోర్డు ఆడాడు. 1933 చివర తిరిగి వచ్చేశాడు. 1966లో చనిపోయాడు. ఆయనకు గ్రాండ్‌మాస్టర్ బిరుదు గౌరవార్థం ఇచ్చింది 2024లో! ఆలస్యమైనా ఇచ్చారు, సంతోషం.

ఆయన కథలో మనకు పనికొచ్చేది ఒకటున్నది. ఆరంభం ఆయన బలహీనత, ముగింపు ఆయన బలం. పావులు తగ్గిన తర్వాత ఆయన్ని ఎదుర్కోవడం మహామహులకే కష్టమయ్యేది. కొత్తవాళ్ళు సరిగ్గా దీనికి వ్యతిరేకం చేస్తారు. ఆరంభపు ఎత్తులు ఇరవై కంఠస్థం చేసి, ఒక్క ఏనుగుతో రాజుకు ఆటకట్టు చెయ్యడం రాక గెలిచే ఆట డ్రా చేసుకుంటారు.

సరే, ఓడిపోవడం దగ్గరికి వద్దాం. కొత్తవారు ఎందుకు ఓడతారు? లోతైన పథకాలు తెలియక కాదు. పావుల్ని ఊరకే ఇచ్చేసి. గుర్రాన్ని తీసుకుపోయి బంటు నోట్లో పెడతారు. మంత్రి మీదికి శకటు వచ్చి కూర్చున్నా చూడక అవతల మూల బంటు తోస్తారు. కాబట్టి మొదటి ఆరు నెలలు ఒక్కటే పని. ఎదుటివాడు ఎత్తు వేయగానే "వీడు ఇది ఎందుకు వేశాడు?" అని అడుక్కోవాలి. మీ ఎత్తు మనసులో అనుకున్నాక, చెయ్యి కదిపే ముందు, "నేను ఇది వేస్తే వాడు నాకు షా చెప్పగలడా, నా పావు ఏదైనా చంపగలడా?" అని అడుక్కోవాలి. యీ రెండు ప్రశ్నలూ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అడుక్కోవాలి. కొందరు పిల్లలకు మేము చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోమని చెబుతాం. నవ్వుతారు గాని పని చేస్తుంది. యీ రెండు ప్రశ్నలు అలవాటైన పిల్లవాడు, ఇంకేమీ నేర్వకపోయినా, తన తోటివాళ్ళలో సగంమందిని ఓడిస్తాడు.

ఏది ఇచ్చి ఏది పుచ్చుకోవాలో తెలియడానికి వెలకట్టు వున్నది. బంటుకు 1, గుర్రానికి 3, శకటుకు 3, ఏనుగుకు 5, మంత్రికి 9. ఇది బజారు ధర వంటిది, సమయాన్ని బట్టి మారుతుంది. కాని కొత్తలో దీన్నే నమ్మండి.

ఇక పిల్లలకు ప్రాణమైన నాలుగెత్తుల ఆటకట్టు. తెల్లవాడు రాజు ముందరి బంటును రెండు గళ్ళు తోస్తాడు, నల్లవాడూ అలాగే. తెల్లవాడు మంత్రిని ఏటవాలుగా అంచుకు, హెచ్5 గడికి తెస్తాడు. (నిలువు వరుసలకు తెల్లవాడి ఎడమ నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. అడ్డ వరుసలకు తెల్లవాడి వైపు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు. ఇది పది నిమిషాల్లో వచ్చేస్తుంది, నేర్చుకోండి.) ఆ మంత్రి నల్లవాడి ఇ5 బంటు మీద కన్నేసింది. ఇక్కడ భయపడి జి బంటు తోశారో, మంత్రి ఇ5 బంటును చంపి షా చెప్పి, మూలనున్న ఏనుగును కూడా మింగుతుంది. కాబట్టి గుర్రాన్ని సి6కు తెచ్చి బంటును కాపాడాలి. తెల్లవాడు శకటును సి4కు తెస్తాడు. ఇప్పుడు మంత్రీ శకటూ కలిసి ఎఫ్7 మీద గురిపెట్టాయి. అక్కడ కాపలా రాజు ఒక్కడే. రెండో గుర్రాన్ని గబగబా బయటికి తీశారా, మంత్రి ఎఫ్7లో దిగి ఆటకట్టు. ఇప్పుడు తోయాలి జి బంటును, ఒక్క గడి. మంత్రి ఎఫ్3కు పోయి మళ్ళీ గురిపెడుతుంది. అప్పుడు గుర్రం ఎఫ్6కు వచ్చి దారి మూసేస్తుంది. ఇప్పుడు బోర్డు చూడండి. నల్లవాడి రెండు గుర్రాలు బయటికి వచ్చి నిలబడ్డాయి. తెల్లవాడి మంత్రి తన గుర్రం రావలసిన గడిలో కూర్చున్నది. మంత్రిని ముందే బయటికి తీయవద్దని పెద్దలు చెప్పేది ఇందుకే. దాన్ని చిన్న పావులు తరుముతుంటాయి, తరిమిన ప్రతిసారీ వాళ్ళ సేన ముందుకొస్తుంది.

కాబట్టి ఆరంభానికి మేము చెప్పేది కొద్దే. మధ్యలో ఒకటో రెండో బంట్లు వేసి చోటు పట్టండి. గుర్రాల్ని, శకట్లని బయటికి తీయండి. ఒకే పావును మాటిమాటికీ కదపకండి. పది ఎత్తుల లోపల కాసిలింగ్ చేసి రాజును ఓ పక్కకు పంపండి. అంతకు మించి పేర్లున్న ఆరంభాలు, వాటి శాఖలు, ఉపశాఖలు కొత్తవారికి దండుగ.

మధ్య ఆటకు దెబ్బలు కొన్ని గుర్తుపట్టడం రావాలి. ఒక్క గుర్రం సి7లో దిగి ఇ8లోని రాజుకు షా చెబుతూ మూలనున్న ఏనుగును కూడా పట్టుకుంటుంది. రాజు తప్పుకోక తప్పదు, ఏనుగు పోతుంది. ఇది రెండు కోరల దెబ్బ. ఇంకోటి కట్టేయడం. రాజుకు అడ్డంగా నిలిచిన గుర్రం మీదికి శకటు వస్తే ఆ గుర్రం కదలలేదు, కదిలితే రాజుకు షా. మరోటి చివరి వరుస. కాసిలింగ్ చేసిన రాజు ముందు మూడు బంట్లూ కదలక అలాగే వుంటాయి. ఎదుటి ఏనుగు చివరి వరుసకు వచ్చి షా చెబితే పోవడానికి చోటుండదు. తన బంట్లే తనకు జైలు. తీరిక దొరికినప్పుడు హెచ్ బంటును ఒక గడి తోసి కిటికీ తెరవండి. ఇలాంటి చిక్కులు పుస్తకాల్లో, పత్రికల్లో, ఇప్పుడు ఫోన్లలో కావలసినన్ని దొరుకుతాయి. రోజుకు ఐదు చాలు. కాని పావు ముట్టుకోకుండా, మనసులోనే చివరిదాకా చూసి అప్పుడు జవాబు చెప్పాలి.

ఇక ముగింపు ఆట. మా ఉద్దేశంలో నేర్చుకోవడం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. కాపబ్లాంకా కూడా ముగింపును ముందు చదవమన్నవాడే. పావులు తక్కువ గనుక కొత్తవాడి కంటికి అన్నీ కనబడతాయి. ఒక్కొక్క పావు సత్తా ఎంతో తెలిసేది అప్పుడే.

మొదట మంత్రి, రాజు కలిసి ఒంటరి రాజుకు ఆటకట్టు. ఇది తేలికే, కాని ఒక ఉచ్చున్నది. ఎదుటి రాజు మూలన వుండగా మన మంత్రిని అతనికి గుర్రపుటెత్తు దూరంలో పెడితే, అతనికి షా లేదు, కదలడానికి గడీ లేదు. వేరే పావులు లేకపోతే ఆట డ్రా. అరబ్బుల షత్రంజ్‌లో ఇలా బిగించినవాడే గెలిచినట్లు. ఇప్పటి నియమం అలా కాదు. మంత్రి మిగిలి వుండి కూడా డ్రా చేసుకుని ఏడ్చిన పిల్లల్ని ఎందరినో ఓదార్చాం.

తర్వాత ఏనుగుతో. ఏనుగును గోడలా వాడాలి. అది నిలబడ్డ వరుస దాటి ఎదుటి రాజు రాలేడు. మన రాజును ఎదురుగా నడిపించాలి. రాజులిద్దరూ మధ్య ఒక్క వరుస వదిలి ముఖాముఖి నిలిచినప్పుడు ఏనుగుతో షా. ఎదుటివాడు ఒక వరుస వెనక్కి. అతను ఏనుగు మీదికొస్తే దాన్ని అదే వరుసలో అవతలి చివరికి జరపండి. ముఖాముఖి కుదరకపోతే ఏనుగుతో ఒక ఎత్తు ఊరికే కాలక్షేపానికి వెయ్యండి, అతనే ఎదురొస్తాడు. ఇలా అంచుదాకా. రోజుకు మూడుసార్లు ఆడితే వారంలో కళ్ళు మూసుకుని చేస్తారు.

ఆ పైన రాజు, బంటు. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి చతురస్రం. ఎదుటి బంటు ఒంటరిగా పరుగెత్తుతున్నది, మన రాజు పట్టుకోగలడా? ఒక్కొక్క గడీ లెక్కపెట్టనక్కర లేదు. బంటు గడి నుంచి చివరి గడి దాకా ఎన్ని గళ్ళో, మన రాజు వైపు పక్కకు అన్ని గళ్ళతో ఒక చతురస్రం ఊహించుకోండి. మన వంతు వచ్చినప్పుడు రాజు దాని లోపలికి అడుగుపెట్టగలిగితే బంటు దొరుకుతుంది. లేకపోతే లేదు. బంటు ఇంకా మొదటి గడిలోనే వుంటే రెండు గళ్ళు దూకుతుంది గనుక దాని ముందరి గడి నుంచి లెక్కించాలి.

రెండోది ముఖాముఖి నిలబడటం. తెల్ల రాజు ఇ5లో, తెల్ల బంటు ఇ4లో, నల్ల రాజు ఇ7లో వున్నారనుకోండి. ఎత్తు ఎవరిది? అంతా దాని మీదే వున్నది. నల్లవాడిదైతే అతను పక్కకు తప్పుకోవాలి, తెల్ల రాజు రెండో పక్క నుంచి ముందుకు దూరతాడు, బంటు మంత్రి అవుతుంది. తెల్లవాడిదైతే ఆట డ్రా. తెల్ల రాజు ఎటు తప్పుకున్నా నల్ల రాజు ఎదురు నిలబడతాడు. బంటు తోస్తే దాని ముందు నిలబడతాడు. అది ఇ6కు వచ్చినప్పుడు మాత్రం నల్ల రాజు తిన్నగా ఇ8కే వెనక్కి పోవాలి. పక్క గడికి పోయాడో, ఓడినట్లే. ఒక్క గడి తేడా, ఒక్క వంతు తేడా! పదవ శతాబ్దంలో బాగ్దాదు ఖలీఫాల కొలువులో అస్ సూలీ అనే ఆటగాడు ముగింపు చిక్కుల్ని కట్టి పెట్టాడు. అందులో ఒకదాన్ని విప్పడానికి దాదాపు వెయ్యేళ్ళు పట్టింది. అంత సంపద వున్నది యీ నాలుగైదు పావుల ఆటలో.

ఆడిన ఆట రాసుకోవడం గురించి ఒక మాట. ప్రతి ఎత్తూ నోటుబుక్కులో రాయండి. ఓడినా గెలిచినా ఆట కాగానే ఎదుటివాడితో కలిసి మళ్ళీ వేసి చూడండి. "ఇక్కడ నువ్వేమనుకున్నావు?" అని అడగండి. శత్రువే ఉత్తమ గురువు, ఫీజు కూడా అడగడు. ఇప్పుడు ఫోన్లో కంప్యూటరు వున్నది, మీట నొక్కితే తప్పులన్నీ ఎర్రగా చూపిస్తుంది. మంచిదే. కాని ముందు మీరు వెతకండి, తర్వాత దాన్ని అడగండి. జవాబు ముందే చూసి లెక్క చేసినవాడికి లెక్క రాదు.

ఫోన్లోనే ఇంకో జబ్బు వున్నది. మూడు నిమిషాల ఆట, ఒక నిమిషం ఆట. రాత్రి పదకొండింటి దాకా ముప్ఫై ఆటలు ఆడి, ఒక్కటీ గుర్తులేక పడుకుంటారు. ఇది సాధన కాదు, వేళ్ళ వ్యాయామం. కొత్తవారు ఒక్కొక్కరికి కనీసం అరగంట వుండేట్లు ఆడాలి. వారానికి అలాంటివి మూడు ఆడినా ముప్ఫై వేగపు ఆటలకంటే ఎక్కువ నేర్పుతాయి. మీకంటే కొంచెం పైనున్నవారితో ఆడండి. ఎప్పుడూ గెలిపించుకునే తమ్ముడితోనే ఆడితే తమ్ముడు బాగుపడతాడు, మీరు కాదు.

పెద్దలకు రెండు మాటలు. పిల్లవాడు ఓడి ఇంటికొస్తే "గెలిచావా?" అని అడగకండి, "ఎక్కడ పోయింది?" అని అడగండి. వాడు బోర్డు తెచ్చి చూపిస్తాడు. మీకు ఆట రాకపోయినా ఫరవాలేదు, చూపిస్తూ చూపిస్తూ వాడికే తెలుస్తుంది. డబ్బు ఖర్చని వెనకాడకండి. ఒక బోర్డు, ఒక నోటుబుక్కు చాలు. భోపాల్‌కు చెందిన మహమ్మద్ రఫీక్ ఖాన్ వడ్రంగి పని చేసుకుంటూ యీ ఆటలో పైకొచ్చినవాడు. 1980లో మాల్టా ఒలింపియాడులో తన బోర్డు మీద వెండి పతకం తెచ్చాడు.

ఆడపిల్లల సంగతి. మా దగ్గరికి ఎనిమిదేళ్ళ, తొమ్మిదేళ్ళ అమ్మాయిలు వస్తారు. తెలివిగా ఆడతారు. పన్నెండో ఏడు రాగానే కనబడరు. అడిగితే "ఇంట్లో పని వున్నది" అంటారు. మేము ఎవర్నీ నిందించడం లేదు, కారణాలు మాకూ తెలుసు. అయితే 1933లో సుల్తాన్ ఖాన్ మూడోసారి గెలిచిన ఏడాదే బ్రిటిష్ మహిళల ఛాంపియన్ ఎవరో తెలుసునా? మిస్ ఫాతిమా అనే అమ్మాయి. అదే సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఇంట్లో వుండినది. తొంభై ఏళ్ళ కిందట! మన రాష్ట్రానికే వస్తే, కోనేరు హంపి తండ్రి దగ్గర నేర్చుకుని 2002లో పదిహేనేళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో, మళ్ళీ 2024లో, ప్రపంచ మహిళల రాపిడ్ ఛాంపియన్ అయింది. అప్పటికి ఆమె ఒక బిడ్డ తల్లి. గుంటూరు ద్రోణవల్లి హారిక 2024 బుడాపెస్ట్ ఒలింపియాడులో బంగారు పతకం గెలిచిన మహిళల జట్టులో వున్నది. అదే ఒలింపియాడులో బంగారం తెచ్చిన పురుషుల జట్టులో గుంటూరు పెంటేల హరికృష్ణ, వరంగల్ అర్జున్ ఎరిగైసి వున్నారు. వీళ్ళెవరూ ఆకాశం నుంచి దిగలేదు, మన జిల్లాల పిల్లలే. బయటికి పంపడం కష్టమైతే అమ్మాయిల కోసం ఆదివారం ఉదయం వేరుగా ఒక గంట, తల్లులు కూడా వచ్చి కూర్చునేట్లు, పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాం. బోర్డుల ఖర్చు మేము చూసుకుంటాం. గది తాళంచెవి ఇస్తే చాలు.

సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. చదరంగంలో అయితే జెండా పడినట్లే. పిల్లలకు ఒక చిక్కు ఇచ్చి కూర్చుంటాం. 1921లో రిచర్డ్ రెటి అనే ఆయన కట్టినది. తెల్ల రాజు హెచ్8లో, తెల్ల బంటు సి6లో. నల్ల రాజు ఎ6లో, నల్ల బంటు హెచ్5లో. ఎత్తు తెల్లవాడిది. నల్ల బంటు కిందికి పరుగెత్తుతున్నది, చతురస్రం గీసి చూడండి, తెల్ల రాజు రెండు ఎత్తులు వెనకబడి వున్నాడు. తెల్ల బంటు కదిలితే నల్ల రాజు వెంటనే పట్టుకుంటాడు. చూడబోతే తెల్లవాడు ఓడినట్లే. అయినా డ్రా చేసుకోగలడు. తిన్నగా వెంటపడితే కాదు, రాజు ఒకే నడకతో రెండు పనులు చెయ్యాలి. ఎలాగో వచ్చే ఆదివారం బోర్డు మీద వేసి చూపించండి. ఫోన్‌ను అడిగి వచ్చినవాళ్ళను మేము రెండు ప్రశ్నల్లో పట్టేస్తాం, జాగ్రత్త.